దేశం దాటిన తాత జాడ తీయడం ఎలా?

కొల్లిపర, తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పాత ఇళ్లలో ఒక మాట తరచు వినిపిస్తుంది. “మా ముత్తాత పటాలంలో చేరాడు. బసరా పంపించారన్నారు. మళ్లీ రాలేదు.” ఒకరింట్లో అది బసరా, ఇంకొకరింట్లో రంగం (రంగూన్), మరొకరింట్లో సింగపూరు. ఆ మాట దగ్గరే కథ ఆగిపోతుంది. ఆయన యుద్ధంలో పోయాడా, అక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయాడా, ఆయనకు అక్కడ పిల్లలున్నారా అని అడిగితే జవాబుండదు. అడిగే వయసు మనకు వచ్చేసరికి చెప్పగలిగినవాళ్లు ఉండరు.

ఆ జాడ ఎలా తీయాలో ఈ అధ్యాయంలో చూద్దాం. వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో వంశవృక్షం పాఠం ఎందుకని మీకు అనిపించవచ్చు. తెలిసిన విషయానికీ, తెలిసిందని మనం అనుకునే విషయానికీ మధ్య గీత గీయడం జీవితంలో ప్రతి పనికీ కావాల్సిన గుణం. దాన్ని నేర్పడంలో పూర్వీకుల అన్వేషణను మించిన సాధన నాకు కనబడలేదు. ఓపిక, పెద్దల మాట శ్రద్ధగా వినడం, దొరకని చోట దొరకలేదని ఒప్పుకోవడం, దొరికినది మన ఇష్టానికి తగినట్టు లేకపోయినా తలవంచి స్వీకరించడం, ఇవన్నీ ఈ పనిలో తప్పనిసరిగా అలవడతాయి.

మొదటే ఒక నియమం పెట్టుకోండి: ఘనతను వెతకొద్దు, మనిషిని వెతకండి.

కెనడావాళ్లు ఎలా కనుక్కుంటున్నారు?

కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో పూర్వీకుల చరిత్ర తీయడం ఎందరికో ఇష్టమైన వ్యాపకం. వాళ్లలో చాలామంది వెతికేది ఒక ఫ్రెంచి సిపాయిని. 1665లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఇరక్వా తెగలతో పోరాడటానికి కరిన్యాన్-సాలియేర్ అనే పటాలాన్ని అక్కడికి పంపాడు. దాదాపు 1,200 నుంచి 1,300 మంది వెళ్లారు. రిషెల్యూ నది వెంట కోటలు కట్టారు. 1668లో పటాలం వెనక్కి వెళ్లేటప్పుడు సుమారు 400 మంది అక్కడే ఉండిపోయారు. ఉండేవాళ్లకు ప్రభుత్వం భూమి ఇచ్చింది. ఫ్రాన్స్ నుంచి రాజు ఖర్చుతో వచ్చిన యువతులను వాళ్లలో చాలామంది పెళ్లాడారు. సొరెల్, షాంబ్లీ, వెర్షేర్ అనే నేటి ఊళ్ల పేర్లు ఆ పటాలంలోని అధికారుల ఇంటిపేర్లే.

మూడున్నర శతాబ్దాల నాటి మామూలు సిపాయి జాడ ఇవాళ దొరుకుతోందంటే మూడు కారణాలున్నాయి. చర్చి ఫాదర్లు ప్రతి పుట్టుక, పెళ్లి, చావు రాసిపెట్టారు. నోటరీలు పెళ్లి ఒప్పందాలు, భూమి కాగితాలు దాచారు. ఇక మూడోది పేర్ల సంగతి. అక్కడి సిపాయికి అసలు పేరుతోపాటు పటాలంలో పెట్టిన మరో పేరుండేది. లాఫ్లర్, సాన్సూసీ, లాలిబెర్తె అలాంటి పేర్లే. మనవలు కొందరు అసలు ఇంటిపేరు వదిలేసి ఆ పటాలం పేరునే ఇంటిపేరుగా చేసుకున్నారు. అందుకే అక్కడ వెతికేవాళ్లు రెండు పేర్లూ పట్టుకుని వెతుకుతారు.

అంతా తవ్విన తర్వాత వాళ్లలో ఎక్కువమందికి దొరికేది సేనాధిపతి కాదు, పొలం దున్నుకుని బతికిన ఒక సామాన్య సిపాయి. ఆయన పేరునే గర్వంగా గోడమీద రాసుకుంటారు. మనం నేర్చుకోవాల్సింది అదే.

మొదటి మెట్టు: ఇంట్లో పెద్దలు

పుస్తకాలు, కంప్యూటరు తర్వాత. ముందు ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. ముఖ్యంగా ఆడవాళ్ల దగ్గర. మగవాళ్లకు భూముల సంగతి గుర్తుంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి కాన్పు ఎవరింట్లో జరిగింది, మనియార్డరు ఏ నెలలో ఆగిపోయింది అనేవి నాయనమ్మలకూ మేనత్తలకూ గుర్తుంటాయి.

సంవత్సరం అడగొద్దు. “పెద్దమ్మా, తాతయ్య పటాలానికి ఏ సంవత్సరంలో వెళ్లాడు?” అంటే “ఏమో నాయనా, ఎప్పుడో” అంటారు. అదే ప్రశ్నను ఊరి జ్ఞాపకానికి కట్టి అడగండి.

“తెనాలిలో కాల్పులు జరిగేటప్పటికి తాతయ్య ఊళ్లోనే ఉన్నాడా, పెద్దమ్మా?”

“లేడు. అప్పటికే వెళ్లిపోయాడు. మీ నాన్న అప్పుడు నా చంకలో ఉన్నాడు.”

ఇక్కడ మీకు తేదీ దొరికింది. తెనాలిలో పోలీసులు కాల్పులు జరిపి ఏడుగురిని బలిగొన్నది 1942 ఆగస్టు 12న. ఇప్పటి రణరంగ చౌక్ ఆ సంఘటన గుర్తే. ఇలాంటి మేకులు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. 1918 నాటి విషజ్వరాలు, 1921 చీరాల-పేరాల ఉద్యమం, ఆ వెంటనే పెదనందిపాడు పన్నుల నిరాకరణ, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు, 1957లో ప్రకాశం బరాజ్ ప్రారంభం, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. వాటికి ముందా, వెనకా అని అడిగితే ఎంత పెద్దవారైనా తడుముకోకుండా చెబుతారు.

తద్దినం పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, గోత్రం చెప్పే ఆచారం ఉంది. ఆ పేర్లు రాసుకోండి. మీ కుటుంబం గయకో కాశీకో వెళ్లి ఉంటే అక్కడి పండాల వహీలలో (యాత్రికుల పేర్లు రాసుకునే పుస్తకాల్లో) ఊరి పేరుతో సహా నమోదై ఉండే అవకాశం ఉంది. క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మపు రిజిస్టర్లు పెద్ద ఆధారం. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. అప్పటినుంచి ఈ ప్రాంతంలో సంఘాలు రిజిస్టర్లు రాస్తూ వచ్చాయి. బాప్తిస్మం పొందినప్పుడు పేరు మారితే పాత పేరు, కొత్త పేరు ఒకేచోట కనబడేది అందులోనే.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి పేజీని నిలువుగా రెండుగా విడగొట్టండి. ఎడమవైపు ‘విన్నది’, కుడివైపు ‘కాగితంలో చూసింది’. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా రాయండి. ఎడమవైపున్న మాటను కాగితం చూడకుండా కుడివైపుకు ఎప్పుడూ మార్చకండి. ఈ అధ్యాయంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ అలవాటు మిగిలితే చాలు.

రెండో మెట్టు: ట్రంకు పెట్టె

అటకమీద పాత ట్రంకు పెట్టె ఉంటే దాన్ని దించండి. డిశ్చార్జి సర్టిఫికెట్టు, పింఛను పుస్తకం, మనియార్డరు రసీదులు, ఫొటోలు, పతకం, వీటిలో ఏది దొరికినా దారి తెరుచుకుంటుంది.

పతకం దొరికితే ముందు వైపు బొమ్మ చూసి ఆగిపోకండి. పక్క అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన భారతీయ సిపాయిలకు ఇచ్చిన పతకాల అంచుమీద సర్వీసు నంబరు, హోదా, పేరు, దళం పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఉంటాయి. వెండి పతకం మీద ఐదో జార్జి తల ఉంటుంది. కంచు రంగు విక్టరీ పతకం మీద రెక్కల దేవత బొమ్మ, దానికి ఇంద్రధనుస్సు రంగుల రిబ్బను ఉంటాయి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో పతకాన్ని వేళ్లమధ్య నిలబెట్టి, భూతద్దం పెట్టి మెల్లగా తిప్పుతూ చదవండి. కనబడిన ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంకెనూ ఉన్నది ఉన్నట్టే రాసుకోండి. అర్థం కాని పొట్టి అక్షరాలను ఊహించి పూరించకండి. ఆ నంబరు మీ అన్వేషణకు తాళంచెవి. ఒకే పేరున్నవాళ్లు వందమంది ఉండవచ్చు. ఒక దళంలో ఆ నంబరు, ఆ పేరు కలిసి ఉన్న మనిషి ఒక్కడే.

ఇంకో మాట. పండక్కి మెరవాలని దాన్ని చింతపండుతోనూ బూడిదతోనూ తోమకండి. ఏళ్ల తరబడి తోమిన పతకాల మీద పేరు అరిగిపోయి చదవడానికి వీలుండదు. మెత్తని పొడిబట్టతో తుడిచి, ఫొటో తీసి, కాగితంలో చుట్టి దాచండి.

ఫొటో ఉంటే టోపీమీద బిళ్ల, భుజంమీద అక్షరాలు, బొత్తాలు చూడండి. అట్ట వెనక స్టూడియో ముద్ర ఉందేమో చూడండి. బెంగుళూరు స్టూడియో అయితే ఒక దారి, రంగూన్ స్టూడియో అయితే ఇంకో దారి.

పింఛను కాగితాల్లో భార్య పేరు, వేలిముద్ర ఉంటాయి. భర్త కోసం ఎదురుచూస్తూ బతికిన ఆ మనిషి పేరు మన వంశవృక్షాల్లో చాలాసార్లు ఉండదు. సర్కారు కాగితంలో మాత్రం ఉంటుంది. ఆమె పేరును కూడా మీ పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయండి.

మూడో మెట్టు: పేరు మారింది, జిల్లా మారింది

మన ప్రాంతంవాళ్లు ఎక్కువగా దారితప్పేది ఇక్కడే.

ముందు జిల్లా సంగతి. గుంటూరు జిల్లాను 1859లో తీసేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904 అక్టోబరు 1న గుంటూరు మళ్లీ జిల్లా అయింది. కాబట్టి ఆ 45 ఏళ్ల మధ్య దేశం దాటిన కొల్లిపర మనిషి కాగితాల్లో జిల్లా కృష్ణా అని ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దపు కృష్ణా జిల్లా తాలూకాల్లో తెనాలి లేదు, రేపల్లె, బాపట్ల ఉన్నాయి. అందువల్ల తెనాలివైపు ఊళ్ల కోసం రేపల్లె తాలూకా కింద చూడాలి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల కొత్త జిల్లా అయ్యాక రేపల్లె, బాపట్ల అందులోకి వెళ్లాయి. తెనాలి, కొల్లిపర గుంటూరులోనే ఉన్నాయి. రేపు ఏదైనా రికార్డు కోసం అర్జీ పెట్టేటప్పుడు ఏ కాలానికి ఏ జిల్లా అన్నది మీ దగ్గర పట్టిక ఉండాలి.

తర్వాత అక్షరాల సంగతి. ఇంగ్లీషు గుమాస్తా విన్నట్టు రాసుకున్నాడు. గుంటూరును కనీసం మూడు రకాలుగా, బాపట్లను రెండు మూడు రకాలుగా రాశారు. మన ఊరి పేరును ఎన్ని తీర్లుగా రాయవచ్చో మీరే ఇంగ్లీషులో పది రూపాలు రాసి ముందు పెట్టుకోండి. అన్నింటితోనూ వెతకండి.

ఇక మనిషి పేరు. పటాలం రిజిస్టర్లలో మన ఇంటిపేరు చాలాసార్లు పూర్తిగా ఉండదు. పొడి అక్షరంగా మిగులుతుంది, లేదా అసలే ఉండదు. తండ్రి పేరు ఇంటిపేరు స్థానంలో కూర్చుంటుంది. వయసు తక్కువని తిప్పి పంపుతారేమోనని అన్న పేరుతో చేరిన తమ్ముళ్లున్నారు, ఇంట్లో తెలియకూడదని వేరే పేరు చెప్పినవాళ్లున్నారు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి ఒకే పేరు తరం మార్చి తరం తిరిగి వస్తుంది. ముత్తాత అనుకుని ముత్తాతకు తాతను పట్టుకునే ప్రమాదం అందువల్లే. పేరు ఒక్కటే కలిసిందని సంబరపడకండి. పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు, వయసు అనే మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే ఆయన మీ మనిషి.

నాలుగో మెట్టు: ఏ పటాలం?

మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షలమందికి పైగా భారతీయులు పనిచేశారు, సుమారు 74,000 మంది చనిపోయారు. రెండోదానిలో 25 లక్షలమంది పనిచేశారు, 87,000 మంది పోయారు. ఇంతమందిలో ఒకరిని వెతకాలంటే ముందు దళం తెలియాలి.

తెలుగువాళ్లు మద్రాసు సైన్యంలో మొదటినుంచీ ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఫలానా కులాలే, ఫలానా ప్రాంతాలే యుద్ధానికి తగినవన్న ఆంగ్లేయుల సిద్ధాంతం వల్ల దక్షిణాది దళాలను తగ్గించారు. 1895లో మద్రాసు సైన్యం విడిగా లేకుండా పోయింది. 1903లో సేనాని కిచ్‌నర్ దళాల నంబర్లు మార్చాడు. మద్రాసు పదాతి దళాల పాత నంబరుకు 60 కలిపారు. పాత 13వ మద్రాసు దళం కొత్తగా 73వది అయింది. కాబట్టి తాత పాత కాగితంలో ఒక నంబరు, కొత్త కాగితంలో మరో నంబరు ఉంటే ఇద్దరు మనుషులనుకోకండి.

చేతిలో తుపాకీ పట్టినవాడే సైనికుడన్న అభిప్రాయం కూడా వదలండి. రోడ్లు, వంతెనలు కట్టిన సాపర్లు, పయనీర్లు, లారీ డ్రైవర్లు, వంటవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, గాయపడినవాళ్లను మోసిన డోలీవాళ్లు లేకుండా ఏ యుద్ధమూ నడవలేదు. మన ఊళ్లనుంచి వెళ్లినవాళ్లలో ఇలాంటివాళ్లు ఎందరో. ‘మా తాత పటాలంలో పనిచేశాడు’ అన్నది అబద్ధమేమీ కాదు.

దళం తెలిశాక ఉత్తరం రాయాలి. మద్రాసు రెజిమెంటు కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. మద్రాసు ఇంజనీర్ గ్రూపు కేంద్రం బెంగుళూరులో ఉంది. ఆర్టిలరీ రికార్డులు నాసిక్‌లో, సిగ్నల్స్ రికార్డులు జబల్పూరులో, ఈఎంఈ (సైనిక యంత్రాల మరమ్మతు విభాగం) రికార్డులు సికింద్రాబాదులో ఉంటాయి. ఎక్కడ రాయాలో తేలకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. పింఛను అందుకున్న కుటుంబమైతే పని కొంత తేలిక. పింఛను లేనివాళ్ల కాగితాలను కొన్నేళ్ల తర్వాత తీసేస్తారు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పేరు (అన్ని రూపాలతో), తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, సర్వీసు నంబరు, దళం, సుమారు సంవత్సరాలు, మీకు ఆయనతో చుట్టరికం, మీరు అడిగే ఒకే ఒక్క ప్రశ్న రాయండి. పతకం అంచు ఫొటో జతచేయండి. కుటుంబ చరిత్ర అంతా రాస్తే చదివేవారికి ఏం కావాలో అర్థం కాదు.

పాత ప్రభుత్వ దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ ముఖ్యం. జాతీయ ఆర్కైవ్స్ జాబితాలను ‘అభిలేఖ్ పటల్’ అనే వెబ్‌సైటులో ఇంటినుంచే వెతకవచ్చు. ఊళ్లో అయితే తహసీల్దారు కార్యాలయంలో పాత అడంగళ్లు, సెటిల్‌మెంట్ రిజిస్టర్లు చూడండి. మాజీ సైనికుల కోటాలో ఇచ్చిన పట్టా ఉంటే అందులో ఆయన పేరుంటుంది. బడి అడ్మిషన్ రిజిస్టరులో పిల్లల తండ్రి పేరు, వృత్తి దొరకవచ్చు.

ఐదో మెట్టు: అక్కడే ఒరిగినవారు

తాత తిరిగిరాలేదంటే ముందుగా చూడాల్సింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. ‘అదనపు సమాచారం’ అనే గడిలో గుంటూరు, తెనాలి, బాపట్ల అని వేర్వేరు స్పెల్లింగులతో కొట్టి చూడండి. రెండో యుద్ధంలో పోయిన చాలామంది భారతీయ సిపాయిల పేర్ల పక్కన ‘ఫలానావారి కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, ఫలానా జిల్లా’ అని ఒక చిన్న వాక్యం ఉంటుంది. తండ్రి, భార్య, ఊరు మూడూ ఒకే వరుసలో దొరికే ఆధారం ఇంకెక్కడా ఇంత తేలిగ్గా దొరకదు.

బర్మాలో పోయి సమాధి లేనివారి పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద ఉన్నాయి. అక్కడ సుమారు 27,000 పేర్లున్నాయి. మలయా, సింగపూరు వైపు పోయినవారికి సింగపూరులోని క్రాంజీలో స్మారకం ఉంది. మొదటి యుద్ధంలో ఇరాక్‌లో పోయిన 40,000 మందికి పైగా సైనికులకు బసరాలో స్మారకం కట్టారు.

ఒక్క విషయం మనసులో ఉంచుకోండి. బసరా స్మారకం రాళ్లమీద బ్రిటిషు సైనికుల పేర్లు చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను మాత్రం దళానికి ఇంతమందని అంకెల్లో చూపారు. ఈ అసమానతను ఆ కమిషనే 2021లో విచారణ జరిపించి ఒప్పుకుంది. రాతిమీద పేరు లేదంటే మీ తాత అక్కడ లేడని అర్థం కాదు, ఆయనను అప్పట్లో లెక్కలో ఒకడిగా మాత్రమే చూశారని అర్థం. ఆయన పేరు మీరు కనుక్కుని రాసిపెడితే నూరేళ్లనాటి ఆ లోటు ఒక ఇంటివరకైనా తీరుతుంది.

ఆరో మెట్టు: అక్కడే ఉండిపోయినవారు

కొందరు బతికే ఉన్నారు, ఇంటికి రాలేదు. పెద్దల నోట ‘రంగం’ అంటే రంగూన్ ఒక్కటే కాదు, బర్మా మొత్తం కావచ్చు. పటాలంలో వెళ్లి అక్కడ పోలీసులోనో రేవులోనో పనికి కుదిరినవాళ్లు, పెళ్లి చేసుకున్నవాళ్లు ఉన్నారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కాలినడకన అడవులు దాటి వచ్చారు, దారిలో వేలమంది పోయారు. 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరో దఫా కాందిశీకులు వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. అక్కడివాళ్లకు తెలిసిన సంగతులు మన ఆర్కైవ్స్‌లో లేవు. వెళ్లి కలవండి.

మలయాలో బందీలై సుభాష్ చంద్రబోసు ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాళ్లుంటే వాళ్లకు సంబంధించిన దస్త్రాలు ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఇంకొందరి విషయంలో ‘పటాలం’ అన్న మాటే పొరపాటు కావచ్చు. కూలి ఒప్పందం మీద ఓడెక్కినవాళ్ల గురించి కూడా ఇళ్లలో ‘పటాలానికి వెళ్లాడు’ అని చెప్పుకునే వీలుంది. మారిషస్‌కు 1834లో, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860లో, ఫిజీకి 1879లో ఈ వలసలు మొదలయ్యాయి. నాటాల్‌కు మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసునుంచే వెళ్లి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది ఆ రేవులో దిగారు. ఆ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. మారిషస్ జాబితాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఓడ జాబితాలో మీ తాత దొరికితే సిపాయి కాదు, చెరకు తోటలో చెమటోడ్చిన మనిషి అని తేలుతుంది. అంతే గౌరవంతో స్వీకరించండి.

అటునుంచి ఇటు వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ ఉంటారు. ఫిజీనుంచో డర్బన్‌నుంచో ఒక పేరు, ఒక ఊరు రాసుకున్న చీటీతో ఎవరైనా మీ వీధిలోకి వస్తే కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. వాళ్ల వెతుకులాటా మీదీ ఒక్కటే.

ఆగాల్సిన చోట ఆగడం

కొన్ని ఇళ్లలో ‘మా మూలపురుషుడు బూసీ సైన్యంలో పనిచేశాడు’ అంటారు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బూసీ చేతికి వచ్చాయి. 1758లో చందుర్తి యుద్ధం, మరుసటి ఏడు మచిలీపట్నం పతనంతో ఫ్రెంచివాళ్ల పట్టు పోయింది. హైదరాబాదు నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు, మలక్‌పేటలో ఆయన సమాధి ఉంది. ఆ దళాల్లో తెలుగువాళ్లు పనిచేశారన్నది చరిత్ర. అందులో మీ పూర్వీకుడు ఉన్నాడని చెప్పడానికి మాత్రం తరం తరానికీ కాగితం కావాలి. యానాంలో మీకు బంధుత్వాలుంటే ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఆర్కైవ్స్‌లోని యానాం జనన మరణ రిజిస్టర్లను ఇంటర్నెట్‌లో చూడవచ్చు. మామూలు పల్లె కుటుంబానికి ఆ కాలపు కాగితం దాదాపు దొరకదు. 1833 డొక్కల కరువులో గుంటూరు జిల్లా 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షలమంది పోయారని అంచనా. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ గోడ దాటి వెనక్కి వెళ్లగలిగిన కుటుంబాలు తక్కువ.

అలాంటి చోట ‘ఇక్కడివరకే రుజువుంది’ అని రాసి గీత గీయండి. దొరికిన మూడు తరాలు ఊహించిన పది తరాల కంటే విలువైనవి.

దొరికినది నచ్చకపోతే?

ఇది కష్టమైన భాగం. వీరమరణం అనుకున్న తాత జబ్బుచేసి ఆసుపత్రిలో పోయి ఉండవచ్చు. దళం వదిలి పారిపోయి ఉండవచ్చు. రంగంలో మరో కుటుంబం ఉండవచ్చు. అప్పుడు మూడు పనులు చేయండి. మొదట, ఆయన స్థానంలో నిలబడి ఆలోచించండి. ఇరవై ఏళ్ల పల్లెటూరి కుర్రాడు భాష తెలియని దేశంలో తుపాకుల మధ్య ఎలా ఉన్నాడో ఊహించండి. రెండోది, ఇంట్లో బతికున్న పెద్దలకు ముందు చెప్పండి, ఒంటరిగా, నెమ్మదిగా. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మూడోది, సముద్రానికి అవతల ఉన్న ఆ రెండో కుటుంబం కూడా ఆయన రక్తమేనని గుర్తుంచుకోండి. వాళ్లు మీకు దాయాదులు.

నాలుగు వారాల సాధన

మొదటి వారం: ఇంట్లో పెద్దవారిలో ఇద్దరితో విడివిడిగా మాట్లాడండి. అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేయండి. ఇద్దరి మాటలూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ తేడా పడ్డాయో నోటుపుస్తకంలో రాయండి.

రెండో వారం: ట్రంకు పెట్టె, దేవుడి గది, పాత బీరువా వెతకండి. ప్రతి కాగితానికీ రెండువైపులా ఫొటో తీయండి.

మూడో వారం: ఊరు, తాలూకా, జిల్లా మార్పుల పట్టిక, పేరు స్పెల్లింగుల జాబితా తయారుచేయండి. వార్ గ్రేవ్స్ జాబితాలో, అభిలేఖ్ పటల్‌లో వెతకండి. దొరకని వెతుకులాటను కూడా తేదీతో రాయండి, మళ్లీ అదే పని చేయకుండా ఉంటారు.

నాలుగో వారం: ఒకే ఒక్క ఉత్తరం, ఒకే ఒక్క కార్యాలయానికి రాయండి. జవాబు ఆలస్యమైతే మర్యాదగా గుర్తుచేయండి.

ఈ నాలుగు వారాల్లో తాత దొరక్కపోవచ్చు. ఏళ్లు పట్టవచ్చు. కానీ నెల తిరిగేసరికి మీ ఇంట్లో నాలుగు తరాల పేర్లు, రుజువులతో, ఒక పుస్తకంలో ఉంటాయి. అంతకుముందు అవి ఎక్కడా లేవు.

కాగితం చివికినా నకలు దొరకవచ్చు, ఆర్కైవ్స్ మరో పదేళ్లకూ ఉంటాయి. ఇంట్లో తొంభై ఏళ్ల నాయనమ్మ జ్ఞాపకానికి నకలు లేదు. అందుకే ఈ పుస్తకం మూసి, ఇవాళే ఆమె దగ్గర కూర్చోండి. మొదటి ప్రశ్న అడగండి.